గతంలో గంజాయి తాగినవారికి అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది చదువు ముగించి ఉద్యోగాల్లో చేరే వయసుకు వచ్చారు. అక్కడి ఉద్యోగాల్లో పెద్ద వాటా రక్షణ శాఖవి, లేదా దానికి పనిచేసే కాంట్రాక్టు కంపెనీలవి. ఉద్యోగం ఖాయమైందన్న సంతోషం వెనకే సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి కోసం, ఒక పొడవాటి ఫారం వస్తుంది. చిరునామాలు, పాత ఉద్యోగాలు, ఇండియాలోని బంధువుల వివరాలు ఓపికగా నింపుకుంటూ పోయిన పిల్లలు 23వ సెక్షన్ దగ్గర ఆగిపోతారు. అది మత్తుపదార్థాల గురించి. అక్కడి నుంచి ఫోన్లు మొదలవుతాయి. పిల్లలు అడిగేవి, వాళ్లకు తెలియకుండా తల్లిదండ్రులు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. మీ సంగతి చిక్కుగా ఉంటే ఈ పేజీ చదివి ఊరుకోకుండా న్యాయవాదిని కలవండి.

అసలు ఈ క్లియరెన్స్ ఎవరికి కావాలి? ముందే తీసిపెట్టుకోవచ్చా?

ప్రభుత్వ రహస్య సమాచారం చూడవలసిన ఉద్యోగం ఎవరిదైనా వాళ్లకు కావాలి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు స్థాయిలు. డ్రైవింగ్ లైసెన్సులా మనంతట మనం వెళ్లి తెచ్చుకునేది కాదు. ప్రభుత్వ శాఖో కాంట్రాక్టు కంపెనీయో మన పేరు పంపాలి. దాదాపు ఎప్పుడూ అమెరికా పౌరులకే ఇస్తారు. ఇది ఎవరి హక్కూ కాదని అక్కడి సుప్రీంకోర్టు 1988లో, నౌకాదళానికీ ఈగన్ అనే ఉద్యోగికీ మధ్య నడిచిన కేసులో తేల్చిచెప్పింది. అనుమానం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గాలన్నది నిబంధన. కోర్టుల్లో నిందితుడికి దొరికే సంశయ లాభం ఇక్కడ దొరకదు.

కాలేజీలో గంజాయి తాగాను. ఇక నాకు రానట్టేనా?

అలా ఏమీ లేదు. ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలు 2017 జూన్ 8న వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాల్లో ఎ నుంచి ఎం వరకు పదమూడు అంశాలుగా మనిషిని పరిశీలిస్తారు. అప్పులు, మద్యం, విదేశీ బంధుత్వాలు, నేరాలు ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో అక్షరం. మత్తుపదార్థాలది ‘హెచ్’. అందులో ఏమేమి తప్పుగా లెక్కిస్తారో ఒక జాబితా, ఆ తప్పును ఏమేమి తేలిక చేస్తాయో దాని కిందనే మరో జాబితా ఉంటాయి. చాలామంది మొదటి జాబితా చదివి బెంబేలెత్తి రెండో దాని దాకా రారు.

వాడకం పాతబడిందా, అరుదుగా జరిగిందా, మళ్లీ జరిగే పరిస్థితులు ఉన్నాయా అని చూస్తారు. ఆ స్నేహాలు, ఆ వాతావరణం వదిలేశారా అని చూస్తారు. ఇకపై ముట్టనని, ముడితే క్లియరెన్స్ రద్దు చేయవచ్చని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇస్తే దానికీ విలువ ఉంది. అప్పటి వయసు, ఎన్నిసార్లు, ఎందుకు, తనంతట తాను మానాడా అన్నవన్నీ కలిపి మొత్తం మనిషిని చూడాలన్నదే వాళ్ల పద్ధతి. పంతొమ్మిదేళ్లప్పుడు హాస్టల్లో నాలుగుసార్లు తాగి, మూడేళ్లుగా ముట్టనివాడిది ఒక కథ. పోయిన నెల దాకా వారాంతం వారాంతం తాగినవాడిది మరో కథ.

చట్టం ఖరాఖండిగా అడ్డుపడేది ప్రస్తుతం వాడుతున్నవాళ్లకు, వ్యసనంలో ఉన్నవాళ్లకు. బాండ్ సవరణ అని పిలిచే 2008 నాటి చట్టం ప్రకారం అలాంటివాళ్లకు ఏ శాఖా క్లియరెన్స్ ఇవ్వకూడదు.

ఫారంలో ఏమి అడుగుతారు?

ఆ ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. గత ఏడేళ్లలో చట్టవిరుద్ధంగా ఏ మత్తుపదార్థమైనా వాడారా అన్నది 23వ సెక్షన్లో ప్రధాన ప్రశ్న. కొనడం, అమ్మడం, పండించడం, చేతులు మార్చడం గురించి విడిగా అడుగుతారు. డాక్టరు రాసే మందుల దుర్వినియోగం గురించి ఇంకో ప్రశ్న ఉంటుంది.

‘అవును’ అనగానే కింద మరికొన్ని గళ్లు తెరుచుకుంటాయి. ఏ పదార్థం, మొదటిసారి ఏ నెల ఏ సంవత్సరం, చివరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎలాంటి సందర్భాల్లో. తేదీ గడి పక్కన ‘సుమారుగా’ అని గుర్తు పెట్టే చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని వాడుకోండి. ఆరేళ్ల కిందటి పార్టీ ఏ నెలలో జరిగిందో ఎవరికీ గుర్తుండదు; గుర్తున్నట్టు నటిస్తే తర్వాత ఇంటర్వ్యూలో నోట వేరే నెల వస్తుంది. ఎన్నిసార్లు అన్నదానికి ‘కొన్నిసార్లు’ అని వదిలేయకండి. ‘2021 సెప్టెంబరు నుంచి 2022 మే వరకు, నెలకు ఒకటి రెండుసార్లు, మొత్తం పదిహేను దాటదు’ అని రాస్తే చదివేవాడికి ఒక బొమ్మ కనపడుతుంది.

ఆఖరున ఒక గడి ఉంటుంది. ‘ముందుముందు ఈ పదార్థం వాడే ఉద్దేశం ఉందా? ఎందుకు ఉంది, ఎందుకు లేదు?’ అని. ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. నిజాయితీగా ఉండాలన్న ఉత్సాహంలో ‘ఏమో, ఉద్యోగ విరమణ తర్వాత చూద్దాం’ అని చమత్కరించేవాళ్లు ఉంటారు. వాడుతూనే ఉంటానని చెప్పడాన్ని మార్గదర్శకాలు విడిగా ఒక అనర్హతగా చెప్పాయి. ఆ గడిలో హాస్యం వద్దు.

ఏడేళ్లు దాటినది రాయాలా?

ప్రధాన ప్రశ్న ఏడేళ్ల వరకే. కాని కొన్నిటికి కాలపరిమితి లేదు. క్లియరెన్స్ ఉండగా వాడినది, పోలీసు ఉద్యోగంలోనో ప్రజల భద్రతకు సంబంధించిన పనిలోనో ఉండగా వాడినది ఎప్పటిదైనా రాయాలి. చికిత్స తీసుకొమ్మని ఎవరైనా సలహా ఇచ్చినా, మీరే వెళ్లి తీసుకున్నా అది కూడా రాయాలి. మత్తుపదార్థాల కేసు ఏదైనా నమోదైతే అది 22వ సెక్షన్లోకి వెళ్తుంది. దానికీ గడువు లేదు. కోర్టు రికార్డు చెరిపేసింది కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం కింద చెరిపేసిన ఒకటి రెండు రకాలకు తప్ప, చెరిపేసినవి కూడా చెప్పాలని ఫారం మీదే రాసి ఉంటుంది.

మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం. అయినా రాయాలా?

రాయాలి. వర్జీనియాలో 2021 జూలై 1 నుంచి, మేరీలాండ్‌లో 2023 జూలై 1 నుంచి పెద్దవాళ్లు కొద్ది మొత్తంలో దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు 2012లోనే సరేనన్నారు. కాని క్లియరెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. అది తన 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టాన్నే చూస్తుంది. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబు చెప్పాలని 23వ సెక్షన్ మొదట్లోనే హెచ్చరిస్తారు. డాక్టరు సిఫారసుతో రాష్ట్రం ఇచ్చిన గంజాయి కార్డుకూ ఇదే సమాధానం.

అయితే కాలం మారలేదని కాదు. 2021 డిసెంబరులో అప్పటి జాతీయ నిఘా డైరెక్టర్ అవ్రిల్ హైన్స్ అన్ని శాఖలకూ ఒక స్పష్టీకరణ పంపారు. సరదాకి గతంలో గంజాయి వాడి ఉండటం పరిశీలించవలసిన విషయమే కాని, దాని ఒక్కదాని మీదే నిర్ణయం జరిగిపోకూడదన్నది దాని సారం. ప్రక్రియ మొదలయ్యాక, అంటే ఫారం మీద సంతకం చేసినప్పటి నుంచి ఇక వాడవద్దని అభ్యర్థులకు చెప్పమని కూడా అందులో ఉంది.

ఎంతకాలం మానేసి ఉంటే చాలు?

అందరూ అడిగేది ఇదే, అంకె లేనిదీ ఇదే. మార్గదర్శకాల్లో ఆరు నెలలని గాని ఏడాదని గాని ఎక్కడా లేదు. ఉద్యోగంలోకి తీసుకోవడానికి కొన్ని సంస్థలు తమ సొంత గడువులు పెట్టుకున్నాయి. ఎఫ్‌బీఐ దరఖాస్తుకు ముందు ఏడాదిలో గంజాయి వాడి ఉండకూడదంటుంది. 2021కి ముందు అది మూడేళ్లు ఉండేది. మిగతా మత్తుపదార్థాలకు పదేళ్లు. అవి ఆ సంస్థ నియామక నిబంధనలు, అందరికీ వర్తించేవి కావు.

నా అభిప్రాయం అడిగితే, నెలల లెక్క కన్నా ఏ సంఘటన తర్వాత వాడారన్నది ముఖ్యం. ఉద్యోగానికి దరఖాస్తు చేశాక వాడటం ఒక మెట్టు. మత్తుపదార్థాలు నిషేధమని కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాక వాడటం ఇంకో మెట్టు. ఎస్‌ఎఫ్-86 మీద సంతకం చేశాక స్నేహితుడి పెళ్లిలో ఒక్క దమ్ము లాగినా, నిబంధన తెలిసి లెక్కచేయలేదన్న మాట పడుతుంది. రహస్యాలు అప్పగించేవాడికి కావలసింది నిబంధన పాటించే మనిషి. అతని భయం గంజాయి పొగ గురించి కాదు.

పరీక్షలప్పుడు రూమ్‌మేట్ దగ్గర అడెరాల్ మాత్ర తీసుకున్నాను. అది మందే కదా?

మన పిల్లల విషయంలో గంజాయి కన్నా ఇదే ఎక్కువ వింటాను. మార్కుల ఒత్తిడి అలాంటిది. అడెరాల్ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్నవాళ్లకు డాక్టరు రాసే మందు. చట్టంలో కఠిన నియంత్రణ ఉన్న రెండో షెడ్యూలులో ఉంది. వేరొకరి పేరున రాసిన మాత్ర మీరు మింగితే అది దుర్వినియోగమే. తలనొప్పి మాత్ర ఇచ్చిపుచ్చుకున్నట్టు అనిపించినందువల్ల ఇది నేరమని తట్టదు. అందుకే గంజాయి సంగతి పూసగుచ్చినట్టు రాసి దీన్ని మరిచిపోతారు. రాయండి. శస్త్రచికిత్స తర్వాత ఇచ్చిన నొప్పి మాత్రలు మిగిలితే ఇంకోసారి నిద్ర కోసం వేసుకోవడం కూడా ఈ కోవలోదే.

రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?

నిజమే, చాలాసార్లు ఎవరికీ తెలియకపోవచ్చు. కాని తెలిసే దారులు మీరు అనుకున్నదాని కన్నా ఎక్కువ. దర్యాప్తు అధికారి మీరు రాసిన పేర్లతో ఆగడు. వాళ్లను ‘ఇతణ్ణి ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారు’ అని అడిగి ఆ మనుషుల దగ్గరికీ వెళ్తాడు. పాత రూమ్‌మేట్‌కు మీరు దాచిన సంగతి తెలియదు. అతను అమాయకంగా ‘అప్పుడప్పుడు అందరం కలిసి తాగేవాళ్లం’ అనేస్తాడు.

ఇంకో ఉచ్చు నెమ్మదిగా బిగుస్తుంది. ఇరవై రెండేళ్లప్పుడు సీక్రెట్ స్థాయికి ‘లేదు’ అని రాస్తారు, వచ్చేస్తుంది. ఐదేళ్లకు మంచి ఉద్యోగం, టాప్ సీక్రెట్, లై డిటెక్టర్ పరీక్ష. ఆ కుర్చీలో కూర్చున్నాక మనసు ఆగక నిజం చెబుతారు. ఇప్పుడు సమస్య ఏడేళ్ల కిందటి గంజాయి కాదు. దాన్ని ఎవరూ పట్టించుకోరు కూడా. ప్రభుత్వానికి సంతకంతో ఇచ్చిన అబద్ధం ముందుకొస్తుంది. అది ‘ఇ’ అక్షరం కింద, వ్యక్తిగత ప్రవర్తన కిందికి పోతుంది. గంజాయి పాతబడుతుంది గాని అబద్ధానికి, దిద్దుకొనేదాకా, ప్రతి కొత్త ఫారంతో వయసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫెడరల్ ప్రభుత్వానికి తెలిసి అబద్ధం చెప్పడం ఐదేళ్ల వరకు జైలు పడగల నేరం కూడా.

ఇప్పటికే దాచి ఉంటే, ఎవరూ అడగకముందే మీరే వెళ్లి దిద్దుకోవడం మార్గదర్శకాల్లో మీకు అనుకూలంగా లెక్కకు వస్తుంది. అధికారి సాక్ష్యం ముందు పెట్టాక ఒప్పుకుంటే ఆ లెక్క మారిపోతుంది. దిద్దుకునే ముందు న్యాయవాదితో మాట్లాడండి.

నిజం రాస్తే ఆ కాగితం పోలీసుల చేతికి వెళ్తుందా?

23వ సెక్షన్లో మీరు నిజాయితీగా ఇచ్చిన జవాబులను, వాటి ద్వారా దొరికిన సమాచారాన్ని తర్వాతి క్రిమినల్ కేసులో మీకు వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడబోమని ఫారం మీదే ఉంది. ఆ హామీ నిజాలకే, అబద్ధాలకు కాదు. క్రిమినల్ కేసుల వరకే కూడా. ఈ మాట పౌరసత్వం ప్రశ్న దగ్గర మళ్లీ వస్తుంది.

అమ్మానాన్నలకు తెలుస్తుందా?

ఈ ప్రశ్న ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతారు. ఫారం ప్రతి ఇంటికి రాదు. మీరు రాసినదాన్ని ఇతరులకు వినిపించడం అధికారి పని కాదు. కాని మీరు తల్లిదండ్రులతోనే ఉంటున్నట్టయితే అధికారి తలుపు తట్టవచ్చు, ఎదురింటివాళ్లను పలకరించవచ్చు. ‘మీ అబ్బాయి మత్తుపదార్థాలు వాడటం ఎప్పుడైనా చూశారా?’ అన్నది ఆయన అందరినీ అడిగే ప్రశ్న. అది విన్న తల్లి ఆ రాత్రి మీ గది తలుపు తడుతుంది.

దీనికి ఇంకో కోణం ఉంది. ఇంట్లో తెలిస్తే ఎలా అనే భయమే భద్రతా అధికారుల దృష్టిలో ఒక బలహీనత. ఆ రహస్యం పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని బెదిరించవచ్చు కదా! ‘నాన్నకు చెప్పాను, నాలుగు రోజులు మాట్లాడలేదు, తర్వాత మామూలైపోయింది’ అన్నవాడి పరిస్థితి, దాచి తిరిగేవాడి కన్నా కాగితం మీద కూడా మెరుగే.

సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు హోలీకి భంగు తాగాను. అదీ లెక్కేనా?

ఇండియాలో 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో గంజాయి నిర్వచనంలోకి పూత వస్తుంది; ఆకుతో చేసే భంగు రాదు. కొన్ని రాష్ట్రాల్లో అది లైసెన్సు ఉన్న దుకాణాల్లోనే దొరుకుతుంది. అమెరికా చట్టం మాత్రం మొక్కలో ఆకునూ పువ్వునూ వేరు చేయదు. ఇండియాలో చట్టబద్ధమైనదాన్ని అక్కడే తాగితే ‘చట్టవిరుద్ధ వాడకం’ అవుతుందా అని వాదించవచ్చు. వాదన కోర్టులకు వదిలేసి, వ్యాఖ్యల గడిలో రెండు వాక్యాలు రాసి బయటపడటం నయం. విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చిన గంజాయి స్నేహితులతో కలిసి తాగి ఉంటే ఆ వాదన కూడా లేదు. అది రెండు దేశాల్లోనూ నేరమే.

నేను ఇటీవలే పౌరసత్వం తీసుకున్నాను. నాకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది. అమెరికాలో పుట్టిన పిల్లలకు లేని చిక్కు ఇది. దీని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు కనిపించలేదు.

గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేస్తారు. ఎస్‌ఎఫ్-86 వెనక్కి ఏడేళ్లు చూస్తుంది. కాబట్టి పౌరసత్వం రాగానే క్లియరెన్స్ ఉద్యోగంలో చేరితే ఆ ఏడేళ్లలో గ్రీన్ కార్డు కాలం, ఒక్కోసారి హెచ్-1బీ రోజులు కూడా పడతాయి. పౌరసత్వ దరఖాస్తులో, అరెస్టు కాకపోయినా నేరం ఏదైనా చేశారా అని, మత్తుపదార్థాల చట్టాలు ఉల్లంఘించారా అని అడిగే ప్రశ్నలు ఉంటాయి. ‘మా రాష్ట్రంలో నేరం కాదు’ అనుకుని చాలామంది ‘లేదు’ పెడతారు. కాని రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ గంజాయి నేరం సత్ప్రవర్తన నిర్ధారణకు అడ్డు రావచ్చని పౌరసత్వ శాఖ 2019 ఏప్రిల్లో స్పష్టం చేసింది. 30 గ్రాములో అంతకు తక్కువో ఒకే ఒక్కసారి దగ్గర ఉంచుకున్న సందర్భానికి మినహాయింపు ఉంది.

ఇప్పుడు ఎస్‌ఎఫ్-86లో నిజం రాస్తే, రెండేళ్ల కిందట పౌరసత్వ దరఖాస్తులో ఇచ్చిన జవాబుతో పొసగదు. దాస్తే కొత్త అబద్ధం. పైన చెప్పిన క్రిమినల్ కేసు హామీ పౌరసత్వ వ్యవహారాల్లోనూ కాపాడుతుందని అనుకోకండి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఫారం తెరవకముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని, క్లియరెన్స్ కేసులు చూసే న్యాయవాదిని, ఇద్దరినీ కలవాలి. ఫీజు దగ్గర వెనకాడే చోటు కాదు ఇది.

ఇంకా గ్రీన్ కార్డు, హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లకు ఒక్క మాట: గంజాయి దుకాణంలో బల్ల మీద పెట్టి అమ్ముతున్నా మీరు కొనవద్దు.

సీబీడీ నూనె, గమ్మీలు వాడవచ్చా?

సీబీడీ గంజాయి జాతి మొక్కలోనిదే, కాని మత్తు ఇవ్వదు; మత్తునిచ్చేది టీహెచ్‌సీ. 2018 వ్యవసాయ చట్టం టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి జాతి మొక్కను, అంటే హెంప్‌ను, నియంత్రిత పదార్థాల నుంచి తప్పించింది. అయితే సీసా మీద రాసిన శాతం సీసా లోపల ఉంటుందన్న పూచీ ఎవరూ ఇవ్వరు. మూత్ర పరీక్షలో టీహెచ్‌సీ కనిపిస్తే ‘మోకాళ్ల నొప్పికి రాసుకున్నాను’ అన్న మాట ఎక్కడిదాకా పనిచేస్తుందో చెప్పలేం. హైన్స్ పంపిన కాగితం కూడా ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది.

గంజాయి కంపెనీ షేర్లు కొన్నాను.

మ్యూచువల్ ఫండు లోపల ఎక్కడో ఉంటే కంగారు అక్కరలేదు. తెలిసి నేరుగా కొన్నవాటిని లెక్కలోకి తీసుకోవచ్చు. అమ్మేయండి.

నేను మానేశాను, మా ఆవిడ అప్పుడప్పుడు వాడుతుంది. స్నేహితులూ అంతే.

ఆమె వాడకం మీ వాడకం కాదు. అయినా మీ ఇంట్లో, మీ డబ్బుతో కొన్న సరుకు ఉంటే ‘దగ్గర ఉంచుకోవడం’ అన్న ప్రశ్న మీ వైపు తిరుగుతుంది. ఆ వాతావరణం వదిలేయడం మిమ్మల్ని కాపాడే అంశాల్లో ఒకటని పైన చెప్పాను. అదే ఇంట్లో ఉంటూ దాన్ని చూపించుకోవడం కష్టం. స్నేహితుల విషయంలో నలుగురూ వెలిగించినప్పుడు లేచి వచ్చేయడం అలవాటు చేసుకోండి. నలుగురి కోసం మీరే కొని తెచ్చి డబ్బులు పంచుకున్న రోజులుంటే, ‘నేను అమ్మలేదు’ అనుకుని వదిలేయకుండా కొనుగోలు, పంపిణీ ప్రశ్నలు మళ్లీ ఒకసారి చదవండి.

క్లియరెన్స్ వచ్చాక ఒక్కసారి వాడితే?

ఈ పేజీలో అన్నిటికన్నా బరువైనది ఇదే. క్లియరెన్స్ ఉండగా వాడటానికి మార్గదర్శకాల్లో విడిగా ఒక పేరా ఉంది, ఫారంలో ఎప్పటికీ గడువు తీరని ప్రశ్న ఉంది. ఐదేళ్లకో పదేళ్లకో మళ్లీ చూస్తారులే అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు అరెస్టులు, అప్పుల రికార్డులు కంప్యూటర్లు నిరంతరం గమనిస్తుంటాయి.

తిరస్కరిస్తే ఏమి చేయాలి?

కాంట్రాక్టు ఉద్యోగులకైతే ముందు ‘కారణాల పత్రం’ ఒకటి వస్తుంది. ఏ అక్షరం కింద ఏ అభ్యంతరమో పేరా పేరాగా ఉంటుంది. అందిన 20 రోజుల్లో ప్రతి పేరాకూ ఒప్పుకుంటున్నానో లేదో రాసి పంపాలి. కోరుకుంటే రక్షణ శాఖ విచారణ కార్యాలయంలో (ఇంగ్లిషు పేరు పొట్టిగా డోహా) న్యాయమూర్తి ముందు హాజరై సాక్షులను తీసుకురావచ్చు. ఓడితే అప్పీలు ఉంది. అదీ పోతే, ఏడాది గడిచాక మళ్లీ ప్రయత్నించవచ్చు.

డోహా తన తీర్పులను పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఫారం నింపే ముందు ‘హెచ్’ కింద వచ్చిన పది తీర్పులు చదవండి. ఎవరు ఏ తేదీన ఆపారు, ఏ కాగితం మీద ఎప్పుడు సంతకం చేశారు, ఇంటర్వ్యూలో ఏమన్నారు అని న్యాయమూర్తి వరుసగా పేర్చుకుంటూ పోతాడు. మీ తేదీలు కూడా అలాగే ఒక తెల్ల కాగితం మీద పేర్చుకుని, ఆ తర్వాతే 23వ సెక్షన్ తెరవండి.